చేప ఊరు తెలుసు, మందు తేదీ తెలీదు

ఆదివారం పొద్దున నరసరావుపేటలో చేప కొనే మనిషి మామూలు జాగ్రత్తపరుడు కాదు. మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాడు. పొట్ట మీద వేలితో నొక్కి గుంట మళ్లీ పైకి లేస్తుందా అని చూస్తాడు. కన్ను మెరుస్తోందా, పీక్కుపోయిందా అని చూస్తాడు. ఏ ఊరి చేప అని అడుగుతాడు. కైకలూరనో ఆకివీడనో జవాబు వస్తుంది. ఐసు పెట్టెలో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన బొచ్చెకో శీలావతికో ఆ మాత్రం ఆరా చాలనుకుంటాడు. తూకం వేయించి, ముక్కలు కొట్టించి, తలకాయ మరిచిపోకుండా సంచిలో వేయించుకుంటాడు. ఇన్ని చూసిన మనిషి ఒక్కటి మాత్రం అడగడు, అడిగినా చెప్పేవాడు లేడు. ఈ చేపకు చివరిసారి మందు కలిపిన మేత పెట్టింది ఏ తేదీన? అంగడివాడికి తెలీదు, లారీ డ్రైవరుకు తెలీదు. చెరువు రైతుకు తెలుసు కానీ ఆ సంగతి చెరువు గట్టు దిగి రాదు.

పల్నాడు చేపల చెరువుల జిల్లా కాదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాకు కృష్ణ ఉంది, సాగర్ కుడి కాలువ ఉంది, పులిచింతల ఉంది. మిర్చికీ పత్తికీ పేరుంది. కొల్లేటి చుట్టూ కనుచూపు మేర పరుచుకున్న చేపల చెరువులు మాత్రం ఇక్కడ లేవు. అందుకే చేపల మందుల గొడవ మనది కాదనిపిస్తుంది. నిజానికి ఇది మనదే కావాలి. చెరువు ఉన్న ఊళ్లో తినేవాడికి ఏ చెరువులో ఏం జరుగుతోందో చెవిన పడుతుంది. ఏ చెరువుకు జబ్బు తగిలిందో తెలిసి, ఆ వారం ఆ చేప జోలికి పోడు. మాచర్లలో, గురజాలలో, దాచేపల్లిలో తినేవాడికి ఆ కబురు అందదు. రాష్ట్రంలో 2022-23లో దాదాపు 51 లక్షల టన్నుల చేపా రొయ్యా పండింది, దేశం మొత్తం పంటలో అది సుమారు 30 శాతం. ఇంత పంటలో మన వాటా తినడం ఒక్కటే కనుక, తినేవాడి వైపు నుంచి మాట్లాడాల్సింది ఇలాంటి జిల్లాలే.

చేపలో యాంటీబయోటిక్ మిగిలిందనగానే, రైతు అత్యాశకు పోయి మందు ఎక్కువ పోశాడన్న ఊహే అందరికీ వస్తుంది. ఆ ఊహ సగం తప్పు. కార్పు జాతి చేపలను చెరువులో ఏడాదికి అటూ ఇటూగా పెంచుతారు. నాలుగో నెలలో జబ్బు చేసి, మందు తిని, కోలుకున్న చేప పట్టుబడి నాటికి ఆ మందును ఎప్పుడో విసర్జించేసి ఉంటుంది. తంటా అంతా మందు పనిచేయని చెరువుతోనే. అక్కడ చేపలు చస్తూనే ఉంటాయి, రైతుకు నిద్ర పట్టదు, ఉన్నంతలో సొమ్ము చేసుకుందామని లారీని పిలుస్తాడు. మందు పెట్టి వారం కూడా తిరగని చేప ఐసు పెట్టెలోకి ఎక్కేది అలాంటప్పుడే. కాబట్టి మన కంచంలోకి వచ్చే అవశేషాన్ని విఫలమైన వైద్యం తాలూకు అవశేషంగా చూడాలి. వైద్యం ఎందుకు విఫలమవుతోందో తెలిస్తే ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది.

తవుడు సంచుల దగ్గర మొదలుపెడదాం. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో మేత పెట్టే పద్ధతి చిత్రంగా ఉంటుంది. ప్లాస్టిక్ గోతాలకు చిల్లులు పొడుస్తారు, నూనె తీసిన తవుడు నింపుతారు, చెరువులో వరసగా పాతిన కర్రలకు కట్టి నీళ్లలోకి దించుతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుతింటాయి. కూలి ఖర్చు, మేత వృథా రెండూ తగ్గించే మంచి ఉపాయం అది, మన రైతుల తెలివికి గుర్తు. జబ్బు వచ్చినప్పుడు ఇదే తవుడులో మందు పొడి కలుపుతారు. అప్పుడు ఉపాయం అడ్డం తిరుగుతుంది. ఒంటి మీద ఎర్ర మచ్చలు లేచి, రెక్కలు కుళ్లుతున్న చేప ఆ తోపులాటలోకి రాదు. గట్టు వారన నీరసంగా తేలుతూ ఉంటుంది. జబ్బు చేప మొట్టమొదట మానేది మేతే. సంచి దగ్గర కడుపు నిండా మందు తినేది ఆరోగ్యంగా ఉన్న చేప. ఇక నీళ్లలో నానుతున్న తవుడు నుంచి కరిగి చెరువు పాలయ్యే మందు సంగతి సరేసరి.

తిన్న మందైనా ఒంటికి పడుతుందా? చేపల పెంపకంలో ప్రపంచమంతా ఎక్కువగా వాడే పాత మందు ఆక్సీటెట్రాసైక్లిన్. నోటి ద్వారా ఇస్తే చేప పేగు దాన్ని పీల్చుకునేది పదో వంతు కూడా ఉండదని కార్పు మీద, ట్రౌట్ మీద జరిగిన పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. కారణం మనకు పరిచయమైనదే. టెట్రాసైక్లిన్ బిళ్లను పాలతో వేసుకోవద్దని డాక్టర్లు చెబుతారు. పాలలోని కాల్షియం ఆ మందును పట్టుకుని పేగు దాటనివ్వదు. చెరువు నీళ్లలో, మేతలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం చేప కడుపులో చేసే పని కూడా అదే. అన్ని మందులూ ఇలా ఉండవు. ఫ్లోర్‌ఫెనికాల్ సాల్మన్ చేపలో తొంభై శాతానికి పైగా ఒంటికి పడుతుంది. అంటే ఏ మందు, ఏ చేపకు, ఎంత, ఎన్ని రోజులు అన్నది చదువుకున్నవాడు చెప్పాల్సిన లెక్క. మన దగ్గర ఆ లెక్క చాలావరకు ఆక్వా మందుల దుకాణం బల్ల మీదే తేలిపోతుంది.

కాగితం మీద ఒక లెక్క వేసి చూద్దాం. పది టన్నుల చేప ఉన్న చెరువు ఒకటి అనుకోండి. అమెరికాలో అనుమతించిన మోతాదు ప్రకారమే కిలో చేపకు రోజుకు 55 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు ఆక్సీటెట్రాసైక్లిన్ పెడితే మొత్తం ఐదున్నర కిలోల మందు అవుతుంది. అందులో పదో వంతు చేపకు పట్టిందని ఉదారంగా లెక్కేసినా, ఐదు కిలోలు రెట్టగానో తినని మేతగానో చెరువు అడుగు బురదలో కలుస్తుంది. మనిషికి పాత రోజుల్లో రాసే టెట్రాసైక్లిన్ కోర్సు, 500 మిల్లీగ్రాములది రోజుకు నాలుగు, ఏడు రోజులు వేసినా 14 గ్రాములే. అంటే ఒక చెరువులో ఒక విడతకు బూడిదలో పోసిన పన్నీరైన మందు 350 మంది మనుషుల వైద్యానికి సరిపోయేది. పోయిన డబ్బు రైతుది. బురదలో మిగిలినది మాత్రం అందరి మీదా పడుతుంది. అక్కడున్న ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఆ కొద్ది మందుకు అలవాటుపడి, తట్టుకునే జన్యువులను కూడగట్టుకుంటుంది, వాటిని ఇ.కోలై లాంటి మన పేగు క్రిములకు కూడా అందించగలదు. మరుసటి ఏడు అదే మందు అదే చెరువులో ఇంకా తక్కువ పనిచేస్తుంది.

ఇదంతా రోగం బ్యాక్టీరియాదే అయినప్పటి మాట. చాలాసార్లు అది కూడా కాదు. ఒంటి నిండా పుండ్లు పడే జబ్బు 1988 ప్రాంతంలో దేశంలోకి వచ్చి కార్పు రైతులను కుదిపేసింది. దానికి మూలం బూజు తరహా జీవి. రొయ్యల వైట్ స్పాట్ వైరస్. ఎదుగుదలను ఆపేసే ఈహెచ్‌పీ సూక్ష్మ పరాన్నజీవి. చేప పేను కంటికి కనిపించే పురుగు. వీటిలో ఒక్కదాని మీదా యాంటీబయోటిక్ పనిచేయదు. అయినా భయంలో ఉన్న రైతు మందు వేస్తాడు. పక్క చెరువు రైతు వేశాడని వేస్తాడు. రైతును తప్పు పట్టడం తేలిక. లక్షలు అప్పు తెచ్చి నీళ్లలో పోసినవాడికి తెల్లారేసరికి చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలి కనిపిస్తే, ప్రయోగశాల నివేదిక వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని చెప్పడం ఒడ్డున ఉన్నవాడికే సాధ్యం.

ఇక చేప ఒంట్లోకి చేరిన మందు ఎన్నాళ్లుంటుంది? చేపకు సొంత వేడి లేదు, నీళ్ల వేడే దాని వేడి. నీళ్లు వెచ్చగా ఉంటే మందు త్వరగా పోతుంది, చల్లబడితే నిదానిస్తుంది. అందుకే ఐరోపాలో, ప్రత్యేకంగా విరామం నిర్ణయించని మందులకు రోజులతో పాటు నీటి వేడిని కూడా కలిపి 500 డిగ్రీ-దినాలు అన్న కొలత పెట్టారు. మన వేసవి చెరువు 30 డిగ్రీలుంటే ఆ లెక్కన 17 రోజులు ఆగితే చాలు. నీళ్లు 22 డిగ్రీలకు దిగితే 23 రోజులు ఆగాలి. పుండ్ల జబ్బు విజృంభించేది చలికాలంలో. మందు నెమ్మదిగా వదిలేదీ చలికాలంలోనే. చేపకూ మాంసానికీ గిరాకీ పెరిగే కనుమ పండుగ వచ్చేదీ ఆ చలికాలం నడిమధ్యే. ఈ మూడూ ఒకచోట కలిసే నెలలో మన మార్కెట్లలో ఎవరైనా ప్రత్యేకంగా శాంపిళ్లు తీస్తున్నారా? తీసినా ఫలితాలు జనానికి చెప్పారా? ఆ సమాధానం జిల్లా యంత్రాంగం ఇవ్వాలి.

మరో విషయం. టెట్రాసైక్లిన్ జాతి మందులు కాల్షియాన్ని వెతుక్కుంటూ పోయి ఎముకలో, పొలుసులో చేరతాయి, కండ నుంచి పోయిన తర్వాత కూడా అక్కడ ఉంటాయి. ముల్లు తీసి, తోలు ఒలిచి తెల్లటి ముక్క మాత్రమే తినే దేశాలకు ఇది పెద్ద చింత కాదు. మనం తోలుతో వండుతాం. తలకాయ కోసం ఇంట్లో పోటీ పడతాం, మెత్తబడ్డ ముళ్లను నమిలి చప్పరిస్తాం. మన తిండి తీరుకు తగిన పరీక్ష మనమే రూపొందించుకోవాలి.

అయితే ఇంత చెప్పి జనాన్ని బెదరగొట్టడం అన్యాయం అవుతుంది. లెక్క రెండో వైపు కూడా చూడాలి. దేశంలో చేపకు ఆక్సీటెట్రాసైక్లిన్ పరిమితి కిలోకు 0.1 మిల్లీగ్రాము. సరిగ్గా ఆ పరిమితి దగ్గర ఉన్న చేప పావు కిలో తింటే ఒంట్లోకి వెళ్లేది 0.025 మిల్లీగ్రాము. మందుల షాపులో దొరికే 250 మిల్లీగ్రాముల గొట్టం ఒక్కటి మింగినంత మందు చేరాలంటే అలాంటి భోజనాలు పది వేలు తినాలి. కాబట్టి పరిమితికి లోబడి ఉన్న చేప తిని ఎవరూ జబ్బు పడరు. చేప మంచి తిండి, పేదవాడికి అందుబాటులో ఉన్న మాంసకృత్తు. దాన్ని మానమని చెప్పడానికి ఈ లెక్కల్లో ఏ ఆధారమూ లేదు. నా తకరారు పరిమితి అంకె మీద కాదు. ఆ అంకెకు లోబడి ఉందో లేదో చూసే కన్ను లేకపోవడం మీద.

రెండు మందుల విషయంలో మాత్రం ఈ ఊరట కూడా వర్తించదు. క్లోరాంఫెనికాల్ వాడిన మనుషుల్లో దాదాపు 25 వేల నుంచి 40 వేల మందిలో ఒకరికి మూలుగ ఎండిపోయి రక్తం తయారీ ఆగిపోతుంది. ఆ ప్రమాదానికీ మోతాదుకూ సంబంధం కనబడదు, అందుకే తిండిలో ఇంతవరకు ఫరవాలేదనే అంకెను అంతర్జాతీయ నిపుణులు కూడా ఖాయం చేయలేకపోయారు. నైట్రోఫ్యూరాన్ల తీరు మరొకటి. అసలు మందు గంటల్లో మాయమవుతుంది, దాని నుంచి పుట్టిన పదార్థం కండలోని ప్రొటీన్‌కు అంటుకుని వారాల తరబడి ఉండిపోతుంది, పొయ్యి మీద ఉడికినా పోదు. జంతువుల్లో అది కేన్సర్ కారకమని తేలింది. ఈ రెండింటినీ తిండికి పెంచే ఏ జీవికీ వాడకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 మార్చిలో నిషేధించింది. ఎగుమతి రొయ్యల విషయంలో ఇవి అంతకు ఎన్నో ఏళ్ల ముందే నిషిద్ధాలు. ఆ ఏళ్ల తేడాయే మన కథ.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తొస్తుంది. టెట్రాసైక్లిన్ల వంశానికి మొదటిది ఆరియోమైసిన్. అది 1948లో లెడర్లీ ప్రయోగశాల నుంచి వెలువడింది. అక్కడ పరిశోధనలకు సారథి 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆ ఏడాదే కన్నుమూశారు. ఆ తర్వాత అదే సంస్థలో జూక్స్, స్టాక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపి చూస్తే అవి తొందరగా బరువెక్కాయి. జబ్బు లేని జీవికి మేతలో యాంటీబయోటిక్ పెట్టే అలవాటు ప్రపంచానికి అంటుకున్నది అప్పటి నుంచే. సుబ్బారావు పుట్టిన ఊరి చుట్టూ ఇప్పుడు చేపలూ రొయ్యల చెరువులే. ఆయన కొలువులో పుట్టిన మందు చుట్టమే వాటి బురదలో ఉంది.

ఎగుమతి వైపు ఏం జరిగిందో చూస్తే మనకు చేతకానిదేమీ లేదని అర్థమవుతుంది. ఐరోపా సమాఖ్య 2016లో మన దేశపు పెంపకపు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. 2022 నవంబరు నుంచి క్లోరాంఫెనికాల్ అక్కడ వంద కోట్ల పాళ్లలో 0.15 పాలు కనబడినా సరుకు వెనక్కే. ఆ భయానికి మన వ్యవస్థ ఒళ్లు వంచింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ భీమవరం, నెల్లూరు వంటి చోట్ల ప్రయోగశాలలు పెట్టి, రొయ్యలు పట్టక ముందే శాంపిల్ తీసి పరీక్షించే ఏర్పాటు చేసింది. ఏటా అవశేషాల నిఘా ప్రణాళిక నడుస్తోంది. ఇదంతా ప్యారిస్‌లోనో బ్రస్సెల్స్‌లోనో భోంచేసే మనిషి కోసం. అదే భీమవరం పక్క నుంచి పిడుగురాళ్లకు వచ్చే శీలావతికి అలాంటి గేటు లేదు. పరిమితులు చట్టంలో ఉన్నాయి, ఆక్సీటెట్రాసైక్లిన్ 0.1, ఆక్సోలినిక్ ఆమ్లం 0.3, ట్రైమెథోప్రిమ్ 0.05 మిల్లీగ్రాములని అంకెలు చక్కగా అచ్చు వేసి ఉన్నాయి. వాటిని చూసే మనుషులు లేరు. తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం 2005 నాటిది, దాని పరిధి తీరం చుట్టుపక్కలే. మంచినీటి చెరువులు తన కిందికి వచ్చేలా రాష్ట్రం 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థను పెట్టుకుంది. లైసెన్సు ఇవ్వడానికి సంస్థ ఉన్నప్పుడు ఆ లైసెన్సు మీద మందు తేదీ అడగడానికి ఇబ్బంది ఏమిటి?

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది వంటింటి అభ్యంతరం. ఉడికిస్తే అన్నీ పోతాయి కదా అంటారు. కొంత పోతుంది. ఆక్సీటెట్రాసైక్లిన్ వేడికి కొంతవరకు విరుగుతుంది, కొంత ముక్కలోంచి నీళ్లలోకి దిగుతుంది. మనం వండేది పులుసు. ముక్కలోంచి దిగింది పులుసులోనే ఉంటుంది, మర్నాటికి ఊరి రుచి తేలిన ఆ పులుసునే అన్నంలో కలుపుకుంటాం. నైట్రోఫ్యూరాన్ అవశేషాలకు పొయ్యి అంటే అసలు లెక్కే లేదు. వంట మీద భరోసా పెట్టి తనిఖీని వదిలేయలేం.

రెండో అభ్యంతరం పల్నాటి వాళ్లది. చెరువు చేప ఎందుకు, సాగర్ చేపో పులిచింతల చేపో తింటే సరి, దానికి మందు పెట్టిందెవరు అంటారు. మందు ఎవరూ పెట్టలేదు, నిజమే. కానీ నీళ్లకు కూడా ఒక చరిత్ర ఉంటుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు మందుల పరిశ్రమల వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించింది. వైద్యం తీసుకునే రోగి రక్తంలో ఉండే స్థాయి కంటే అది ఎక్కువ. తర్వాత ఆ వ్యర్థజలాన్ని గొట్టం వేసి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు, అక్కడి నుంచి వదిలే నీరు చేరేది మూసీలోకే. మూసీ కృష్ణలో కలిసేది వాడపల్లి దగ్గర, ఎదుటి గట్టు మన దాచేపల్లి మండలం పొందుగల. కిందకు నడిస్తే పులిచింతల. కృష్ణ పెద్ద నది, మూసీ తెచ్చినది అందులో పలచబడుతుంది, ఆ చేపను అనుమానించమని నేను అనడం లేదు. నది చేప గనుక పరీక్షే అక్కర్లేదన్న ధీమాకు మాత్రం ఆధారం లేదు.

యాంటీబయోటిక్స్‌ను మొత్తంగా నిషేధిస్తే పోలేదా అన్నది మూడో మాట. వినడానికి బాగుంటుంది. బ్యాక్టీరియా జబ్బు నిజంగా వచ్చిన చెరువుకు మందు లేకుండా చేస్తే చేపలు బాధపడి చస్తాయి, రైతు దొంగ మందు వైపు పోతాడు, పేరు లేని పొట్లాల్లో నిషిద్ధ మందే రావచ్చు. కొలిస్టిన్‌ను 2019లో పశువులకు నిషేధించడం సరైన పని, ఎందుకంటే అది మనిషికి ఆఖరి ఆయుధాల్లో ఒకటి. అన్నిటికీ ఆ కొలమానం పనికిరాదు. అసలు అవసరాన్ని తగ్గించడం ఎలాగో నార్వే చూపించింది. 1987లో అక్కడి సాల్మన్ పరిశ్రమ సుమారు 48 టన్నుల యాంటీబయోటిక్స్ వాడింది. అప్పటి పంట ఇప్పటితో పోలిస్తే చాలా చిన్నది. 1990ల మొదట్లో సాల్మన్‌కు బ్యాక్టీరియా వల్ల వచ్చే కురుపుల జబ్బుకు నూనె కలిపిన టీకా వచ్చాక వాడకం కొద్ది ఏళ్లలో కుప్పకూలింది. ఇప్పుడు పది లక్షల టన్నులకు మించి చేప పండిస్తూ వాడేది ఒక టన్ను లోపే. అది ఖరీదైన చేప, ఒక్కో చేపకు సూదితో టీకా వేసినా గిట్టుబాటవుతుంది, కిలో రూ.100 చుట్టూ తిరిగే చేపకు అది కుదరదని ఎవరైనా అనవచ్చు, ఆ మాట సబబే. కానీ టీకా కంటే ముందు మెట్లు మన దగ్గరే ఉన్నాయి. చెరువు ఎండగట్టి బురద తీయడం, చేపలను కిక్కిరిసేలా వేయకపోవడం, సున్నం చల్లడం. చెరువుకు మొదటి మందు సున్నమే. ఆ సున్నపు బట్టీలకు పేరుపడిన ఊరు మన పిడుగురాళ్ల. పులుపు తిరిగిన బురదకు సున్నం పడితే మందుల దుకాణానికి పోయే రోజులు తగ్గుతాయి.

చివరి అభ్యంతరమే నాకు బరువైనదిగా తోస్తుంది. ఈ మాటలు పైకి అంటే చేప ధర పడిపోతుంది, మధ్యలో రైతు, కావిడి మీద అమ్ముకునే మనిషి నలిగిపోతారు. 2018లో అదే జరిగింది. చేప పాడవకుండా ఫార్మలిన్ కలుపుతున్నారన్న గొడవతో అసోం ప్రభుత్వం ఆంధ్ర చేపను కొన్నాళ్లు నిషేధించింది, లారీలు ఆగాయి, రైతులు గగ్గోలు పెట్టారు. అయితే ఆనాడు మన దగ్గర చూపించడానికి ఏముంది? మా చేపలో లేదు అని నోటితో చెప్పడం తప్ప, ఫలానా చెరువు, ఫలానా తేదీ పరీక్ష, ఫలానా ఫలితం అని ముందు పెట్టడానికి కాగితం లేదు. కాగితం లేని మార్కెట్‌ను ఒక్క వదంతి కూలగొట్టగలదు. ఎగుమతి రొయ్య ఇన్ని తిరస్కారాలు తట్టుకుని నిలబడిందంటే ఆ కాగితం వల్లే.

అందుకే నేను కోరేది చిన్న కాగితం. మందుల దుకాణం మత్స్య నిపుణుడి చీటీ చూసి మందు అమ్మాలి, బిల్లులో మందు పేరు రాయాలి. చెరువు రైతు లైసెన్సు నంబరు కింద మందు పేరు, మొదలుపెట్టిన రోజు, ఆపిన రోజు రాసి పెట్టాలి. లారీ ఎక్కే సరుకుతో పాటు ఆ మూడు గళ్ల చీటీ కూడా రావాలి. చీటీలో అబద్ధం రాస్తారు కదా అంటారు. రాస్తారు. అందుకే తినే ఊళ్లో కూడా శాంపిల్ తీయాలి, నరసరావుపేట, మాచర్ల, గురజాల మార్కెట్లలో నెలకు కొన్నయినా, ఫలితాన్ని మార్కెట్ బోర్డు మీద అంటించేలా. పట్టుబడ్డ సరుకు ఏ చెరువుదో చీటీ చెబుతుంది కాబట్టి శిక్ష అంగడివాడి మీద పడదు. అన్నిటికంటే ముఖ్యం, జబ్బు తగిలిన చెరువు రైతు మూడు వారాలు ఆగగలిగేలా చేయాలి. ఆ మూడు వారాల మేత ఖర్చు, చచ్చే చేపల నష్టం మొత్తం అతడి నెత్తిన పెట్టి నిజాయతీని కోరడం కుదరదు. ఆ రోజులకు బీమా, ఇరవై నాలుగు గంటల్లో జబ్బు ఏదో చెప్పే దగ్గరి ప్రయోగశాల ఉంటే, రైతు వైట్ స్పాట్‌కు యాంటీబయోటిక్ కొనడు, మందు పెట్టిన వారానికే లారీనీ పిలవడు.

రాబోయే కనుమనే లెక్కకు తీసుకోండి. జనవరి 15న పట్టుబడి అనుకుంటే, 22 డిగ్రీల నీళ్లలో మందు మేత ఆగాల్సింది డిసెంబరు 23కి. ఆ రోజు తర్వాత సంచిలో మందు కలిపిన చెరువు చేప కనుమకు నరసరావుపేట రాకూడదు. ఏ చెరువులో కలిపారో, ఏ చెరువులో కలపలేదో ఈ ఏడు కూడా ఏ రిజిస్టరులోనూ ఉండదు.